గురువారం పులగం

పోయిన వారం మా అబ్బాయి మధ్యాహ్నం అన్నం తింటుంటే పక్కన పెట్టుకున్న ఫోను టింగుమంది. చూసి బోర్లించాడు. ఏమిటది అని అడిగితే, ఈ నెల విరాళం వెళ్ళిందమ్మా అన్నాడు. రెండేళ్ళ కిందట ఆఫీసులో ఎవరో చెబితే ఫోనులో ఒకసారి ఏదో నొక్కాడట, అప్పటినుంచి నెలనెలా దానంతటదే వెళుతోందట. ఎవరికి వెళుతోంది అని అడిగాను. కాసేపు ఆలోచించి, పిల్లల ఆశ్రమం అనుకుంటా అని, పెరుగు వేయించుకున్నాడు. వాణ్ణి తప్పు పట్టడం లేదు. ఇవ్వనివాళ్ళు ఎంతోమంది ఉన్నారు, వాడు ఇస్తున్నాడు, మంచిదే. కానీ ఆ తర్వాత నేను రాత్రి వంటకు బియ్యం తీస్తుంటే డబ్బాలో పెట్టిన చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది. చాలా ఏళ్ళ కిందటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. దాన్ని కాగితం మీద పెట్టమని మా కోడలు పట్టుబట్టింది. నేను చదివింది ఐదో తరగతి, రాసింది రెండుసార్లు చించేశాను, ఇది మూడోది. నా ఈడువాళ్ళు ఎవరైనా చదివితే తప్పులు సర్దుకుంటారని ధైర్యం.

మాకు అప్పట్లో ఇస్త్రీ బండి ఉండేది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ పోయే పెద్దరోడ్డు వెనకాల నాలుగు వీధుల చిన్న కాలనీ, దాని మలుపులో వేపచెట్టు కింద నా బండి. ముందు వరసలో మేడ ఇళ్ళు, వాటిలో ఎక్కువమంది కృష్ణా, గుంటూరు వైపు నుంచి ఉద్యోగాల మీద వచ్చి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు. వెనక సందులో రేకుల గదులు, వాటిలో మాలాగా నల్లగొండ పల్లెల నుంచి వచ్చి కిరాయికి ఉండేవాళ్ళు. మా ఆయన మార్కెట్లో హమాలీ, మా మరిది ఆటో నడిపేవాడు, అత్తమ్మ మాతోనే ఉండేది. ముందు వరస, వెనక వరస అని లేకుండా అందరి బట్టలూ నా బండి మీదికే వచ్చేవి. ఎవరికి కొత్త ఉద్యోగం వచ్చిందో, ఎవరు రిటైరయ్యారో, ఏ ఇంటి పిల్ల సడెన్‌గా చీరలు కట్టడం మొదలుపెట్టిందో నాకు బట్టల మూటలోనే తెలిసిపోయేది.

బండి పెట్టిన మూడో ఏడు అత్తమ్మకు కడుపులో గడ్డ అని ఆపరేషన్ చేశారు. మలక్‌పేటలో సర్కారు దవాఖాన. రోగికి లోపల భోజనం పెట్టేవాళ్ళు, తోడుగా వచ్చినవాళ్ళ తిండి వాళ్ళే చూసుకోవాలి, ఎక్కడైనా అంతే కదా. నేను పది పదకొండు రోజులు బయట వరండాలో చాప మీద ఉన్నాను. బండి ఆగిపోయింది, చేతిలో ఏమీ లేదు, ఇంటి నుంచి అన్నం తెచ్చేవాళ్ళు లేరు. నా పక్క చాప మీద ఒక పెద్దామె ఉండేది. ఆమె కొడుకు లోపల పడుకుని ఉన్నాడు. మొదటి రోజు నేను మొహం గోడకు తిప్పుకుని ఏడుస్తుంటే ఆమె జొన్నరొట్టె సగానికి విరిచి నా ముందు పెట్టింది.

"తిను బిడ్డా. ఏడ్వనీకి సుత బలం కావాలె."

ఆ తర్వాత ప్రతి మధ్యాహ్నం ఆ సగం రొట్టె నాది. అత్తమ్మను ఇంటికి తీసుకుపొమ్మన్న రోజు ఆటో దొరకడం, మందులు అడగడం, ఆ హడావిడిలో ఆమె పేరు గానీ ఊరు గానీ అడగలేదు. తర్వాతి గురువారం డబ్బా నిండా అన్నం పప్పు కట్టుకుని వెళ్ళాను. ఆ చాప చోట వేరేవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆయాను అడిగితే, ఆమె కొడుకు బెడ్డు ఖాళీ అయి రెండు రోజులైందని చెప్పింది, బాగై పోయాడా ఎట్లా పోయాడు అంటే ఆమెకు తెలియదు. డబ్బా తిరిగి పట్టుకురాబుద్ధి కాక అక్కడున్నవాళ్ళకే పెట్టేశాను.

ఇంటికి నడిచి వస్తూ ఒక మాట అనుకున్నాను. నేను ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం పక్కన పెడతాను, ప్రతి గురువారం వాటిని వండి ఆ వరండాకు తీసుకెళతాను, ఒక్క గురువారం కూడా తప్పనివ్వను. దేవుడి ముందు దీపం పెట్టి అనుకున్నది కాదు. సైదాబాద్ మలుపులో బస్సు కోసం ఆగకుండా నడుస్తూ అనుకున్నది. ఎవరికీ చెప్పలేదు. వారం తర్వాత అత్తమ్మే పొయ్యి కింద దాచిన డబ్బాను బయటికి లాగింది.

"గిదేందే? నా ఇంట్ల నువ్వే దొంగతనం జేస్తున్నవా?"

చెప్పాను. మరుసటి రోజు నుంచి నా పిడికిలి పక్కన ఆమె పిడికిలి కూడా పడింది. ఆమెది నాకన్నా పెద్ద చెయ్యి.

అయితే మా రెండు పిడికిళ్ళు కలిపి వారానికి వండితే ఆరుగురికి వచ్చేది, వరండాలో అంతకు పదింతలు మనుషులు. ఇంకొందరిని అడగాలి. నాకేమో అడగడం అంటే వణుకు. మొదటి ఇంటి ముందు నిలబడి, రాత్రంతా అనుకున్న మాట వదిలేసి, బట్టలున్నాయా అమ్మా అని అడిగి మూట ఎత్తుకుని వచ్చేశాను. రెండో ఇంట్లో, అమ్మా మీతో ఒక మాట అని మొదలుపెట్టానో లేదో, ఆవిడ చెయ్యి ఎత్తేసింది.

"మొన్న దసరాకే కదమ్మాయ్ జతకి ఇంతని పెంచావు, మళ్ళీ ఏంటి?"

మూడో ఇల్లు పిన్నిగారిది. ఆమె మచిలీపట్నం వైపు మనిషి, వాళ్ళాయన బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. అమ్మగారూ గిమ్మగారూ వద్దు, పిన్నీ అను అని మొదటి రోజే చెప్పింది కాబట్టి ఆయన నాకు బాబాయిగారు అయ్యాడు. ఆమెకు మాత్రం పూర్తిగా చెప్పగలిగాను. రోజూ పిడికెడు తీయడం ఎందుకు, ఒక మూట ఇచ్చేస్తాను, గొడవ వదిలిపోతుంది కదా అంది. వద్దన్నాను. మూట ఇచ్చినవాళ్ళకు ఆ ఒక్క రోజే గుర్తుంటుంది, పిడికెడు తీసేవాళ్ళకు రోజూ గుర్తుంటుంది అని ఏదో నత్తి నత్తిగా చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపి, వెళ్ళి ఒక ఖాళీ డబ్బా తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టుకుంది. ఆమెను చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళను చూసి ఎదురింటివాళ్ళు. రెండేళ్ళలో ముప్పై ఇళ్ళయ్యాయి. బుధవారం ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు గుమ్మంలో సంచి పట్టేదాన్ని, వాళ్ళు డబ్బా ఒంపేవాళ్ళు. గురువారం పొద్దున వండి, పెద్ద గిన్నెను మరిది ఆటోలో పెడితే పదకొండుకల్లా దవాఖానలో ఉండేది.

ఇక్కడ వంట సంగతి ఒకటి చెప్పాలి, అసలు గొడవ అంతా అక్కడే మొదలైంది కాబట్టి. మేడ ఇళ్ళలో తినేది సన్నబియ్యం. మా సందులో తినేది రేషను దొడ్డుబియ్యం. రెండూ ఒకే సంచిలో పోసి ఒకే ఎసట్లో వేస్తే, దొడ్డువి ఉడికేసరికి సన్నవి జావ అయిపోతాయి, సన్నవి ఉడికాయని దించితే దొడ్డువి పంటి కింద గట్టిగా తగులుతాయి. ఒక గురువారం వరండాలో ఒక ముసలాయన నోట్లో ముద్ద పెట్టుకుని నా మొహం చూసి నవ్వాడు.

"సగం గంజి, సగం గుండ్లు. రెండు పొయ్యిల మీద వండి కలిపినవా బిడ్డా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇంటికొచ్చి అత్తమ్మతో చెబితే, రెండు సంచులు పెట్టుకోరాదే, ఏదానికది వండుదాం అంది. కాలం చేసిన మామ పాత ధోవతి చింపి ఒక తెల్ల సంచి కుట్టాను, సన్నబియ్యానికి. అత్తమ్మ పాత చీర చింపి ఇంకొకటి కుట్టాను, దొడ్డుబియ్యానికి. ఆ చీర గులాబీ రంగు. రెండు సంచులు ఎందుకో ఎవరికీ చెప్పలేదు. వంటమనిషి తన గరిటెల సంగతి ఊరందరికీ చెబుతుందా?

ఇంతలో తెలంగాణ ఉద్యమం మా వీధిలోకి వచ్చింది. ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. ఇవాళ బంద్, రేపు ధర్నా, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల షట్టర్లు సగం దించి ఉండేవి, బస్సు ఎక్కడిదాకా పోతుందో డ్రైవరుకే తెలిసేది కాదు. నా బండి మీద బట్టలు తగ్గిపోయాయి, ఆఫీసు లేని రోజు మడత చొక్కా ఎవరికి కావాలి? మా మరిది ఆటోకు గులాబీ జెండా కట్టాడు. రాష్ట్రం రావాలని నాకూ ఉండేది, దాచడం ఎందుకు. మా ఊళ్ళో ఫ్లోరైడు నీళ్ళు తాగి కాళ్ళు వంకర పోయినవాళ్ళ మధ్య పెరిగినదాన్ని. అయితే అది ఒక సంగతి, పిన్నిగారి గుమ్మం ఇంకొక సంగతి, రెండూ నాలోనే ఉండేవి, ఒకదానికొకటి అడ్డం వస్తాయని నాకు తోచలేదు.

ఒక బుధవారం బట్టలు పట్టుకుని వెళితే పిన్నిగారి గేటు దగ్గర బాబాయిగారు నిలబడి ఉన్నాడు. నా భుజానికి ఉన్న రెండు సంచులనూ మార్చి మార్చి చూశాడు.

"మాది తెల్ల సంచీ, మీవాళ్ళది గులాబీ సంచీనా?"

భుజం మీద సంచులు ఇటు నుంచి అటు సర్దుకున్నాను.

"చివరికి బియ్యాన్ని కూడా విడగొట్టారన్నమాట. మంచిదమ్మా. పక్కన పెట్టాల్సిన బియ్యం మా ఇంట్లో లేవు. బట్టలు కూడా ఇంక వద్దులే."

గేటు గొళ్ళెం పెట్టి లోపలికి వెళ్ళాడు. గట్టిగా కూడా అనలేదు. సన్నవి వేరు, దొడ్డువి వేరు బాబాయిగారూ అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట నాకు బండి దగ్గరికి వచ్చాక వచ్చింది. అప్పటికి అది ముందు వరస అంతా పాకింది. ఏడు ఇళ్ళు డబ్బాలు బయటికి తేలేదు. ఒకావిడ కిటికీలోంచి చూసి పరదా లాగేసింది. తెల్ల సంచి అడుగున నాలుగు గుప్పెళ్ళు కూడా లేవు. వెనక సందులో ఇంకొక రకం.

"మంచిగైంది తియ్యి అక్కా. ఆంధ్రోళ్ళ సంచి బరువు తప్పింది నీకు," అంది మా పక్క గదామె.

బాబాయిగారి మాట కన్నా ఈ మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. అంతలో మరిది వచ్చి, రేపు బంద్ ఉంది, దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద వంటావార్పు, ఆటో తియ్యనని చెప్పాడు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని అక్కడే తిని రాకపోకలు ఆపడం, అప్పట్లో అదొక పద్ధతి. బియ్యం చాలవు, ఆటో లేదు. అనుకున్న మాట ఆ వారమే తప్పేటట్టుంది.

ఆ సాయంత్రం నేను చేసిన పని చిన్నపిల్లల పనిలా ఉంటుంది. సన్నవి గుప్పెడు, దొడ్డువి గుప్పెడు కలిపి చిన్న గిన్నెలో వండాను. మూతపెట్టి, వెనక తలుపు నుంచి పిన్నిగారి వంటింటికి వెళ్ళి గట్టు మీద పెట్టాను. నోటితో చెప్పలేనిది కంటితో చూపించొచ్చు కదా అని. ఆమె నన్ను చూసి మొహం ముడుచుకుంది, తర్వాత మూత తీసింది, నాలుగు మెతుకులు తీసి వేళ్ళ మధ్య నొక్కింది. ఒకటి పేస్టులా సాగింది, ఒకటి గింజలా జారిపోయింది. ఇంకోసారి నొక్కింది.

"ఓసి నీ దుంపతెగా! ఇందుకా రెండు సంచులు? ఈ ముక్క ఆయనతో అనొచ్చుగా!"

"నాకు నోరు రాలేదు పిన్నిగారూ."

"మరి ఆ గులాబీ రంగేంటే?"

"మా అత్తమ్మ చీర."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ముందు గదిలో బాబాయిగారికి వినబడకుండా, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగాక డబ్బా తీసి నా సంచిలో ఒంపింది.

"అన్నం చెయ్యకు. రెండూ కలిపి నానబెట్టి, ఇంత పెసరపప్పు వేసి, నీళ్ళు ఎక్కువ పోసి పులగం చెయ్యి. మెత్తగా కలిసిపోయాక ఏది ఎవరిదో వండినదానివి నీకే తెలీదు."

పెసరపప్పు కూడా ఆమే ఇచ్చింది. పొద్దున్నే పిట్టగోడల మీంచి ముందు వరస వాళ్ళతో ఏం మాట్లాడిందో నాకు తెలియదు, ఐదు ఇళ్ళ డబ్బాలు వచ్చాయి. రెండు ఇళ్ళవి రాలేదు. ఆ రెండూ మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

పులగం ఉడికేసరికి పొద్దెక్కింది. ఆటో లేదు కాబట్టి ఇస్త్రీ బండి మీది దుప్పట్లు తీసేసి, పెద్ద గిన్నెను తాళ్ళతో కట్టి, నేనూ అత్తమ్మా తోసుకుంటూ బయలుదేరాం. ఎప్పుడూ హారన్లతో చెవులు పోయే పెద్దరోడ్డు ఖాళీగా ఉంది. దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి మాత్రం రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు, పొగ, డప్పులు, పాటలు, వందల మనుషులు. తలకు గుడ్డ కట్టుకున్న ఒకతను బండికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏం బండి అక్కా? ఇయ్యాల అన్నీ బంద్."

"దవాఖానకు అన్నం," అంది అత్తమ్మ.

"ఎవరి అన్నం?"

అప్పటికి మా మరిది పొగలోంచి మమ్మల్ని చూసి పరిగెత్తుకొచ్చాడు. "మా వదిన అన్నా! చొక్కాలనే కాదు, మనుషుల్ని సుత ఇస్త్రీ జేస్తది, జర తొవ్వ ఇడువుండ్రి," అన్నాడు. నలుగురు నవ్వారు. తలగుడ్డ అతను నవ్వలేదు.

"ఎవరి అన్నం అంటున్న."

"ఇరవై ఎనిమిది ఇండ్లది," అన్నాను.

"ఆంధ్రోళ్ళ ఇండ్లు సుత ఉన్నయా అండ్ల?"

అక్కడున్నవాళ్ళంతా మా బండి వైపు చూస్తున్నారు. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. నేను తాడు జరిపి గిన్నె మూత తీశాను. ఆవిరి అతని మొహానికి కొట్టింది.

"ఉన్నయన్నా. ఏరుకుంటవా?"

అతను గిన్నెలోకి చూశాడు. పసుపుపచ్చగా, ముద్దగా, మెతుకు మెతుకు కలిసిపోయి ఉంది. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"మూత పెట్టక్కా, సల్లగైతది," అని పక్కకు జరిగాడు.

అవతలి పొయ్యి దగ్గర ఎవరో రెండు గరిటెల పచ్చిపులుసు మా చిన్న గిన్నెలో పోశారు, ఉత్త పులగం ఏం తింటరు పాపం అని. మరిది, ఇంకో ఇద్దరు చాదర్‌ఘాట్ వైపు తిరిగే మలుపు దాకా బండి తోసి, మళ్ళీ వాళ్ళ పాటలకు పోయారు. మేం వరండా చేరేసరికి రెండు దాటింది. ఏందమ్మా ఇయ్యాల గింత లేటు అని ఒకామె విసుక్కుంది, అంతే. ఏం జరిగిందో వాళ్ళకు తెలియదు, తెలియాల్సిన పని లేదు. మెత్తగా ఉంది కదా అని ఒకామె డాక్టరమ్మను అడిగి లోపల ఉన్న కూతురికి కూడా కొంచెం తీసుకెళ్ళింది.

ఆ తర్వాత నుంచి ఒకటే సంచి, గురువారమంటే పులగం. గులాబీ సంచిని అత్తమ్మ తన దిండుకు గలీబు చేసుకుంది. బాబాయిగారి చొక్కాలు మళ్ళీ ఇస్త్రీకి వచ్చాయి, పిన్నిగారి చేతిలో. ఆయన మాత్రం నాతో మాట్లాడలేదు. తప్పు ఆయనదని నేను అనను, ఆ రోజుల్లో ఎవరి భయం వాళ్ళది. రాష్ట్రం వచ్చింది, మా మరిది మిఠాయి పంచాడు, పిన్నిగారు ఒకటి తీసుకుని తింది. ఏడాది తర్వాత వాళ్ళు ఇల్లు అమ్మి నాగోల్‌లో ఫ్లాటుకు మారారు. సామాను లారీ ఎక్కిస్తున్న రోజు బాబాయిగారే వేపచెట్టు దాకా నడిచి వచ్చి, బియ్యం డబ్బా నా బండి మీద పెట్టారు.

"ఈ వారంది," అన్నారు.

ఆ రోజు సోమవారం. డబ్బాలో నాలుగైదు పిడికిళ్ళు ఉన్నాయేమో.

ఆ తర్వాత సంగతి చాలా లేదు. మేడ ఇళ్ళు ఒక్కొక్కటే పడగొట్టి అపార్టుమెంట్లు కట్టారు, వాటిలోకి వచ్చినవాళ్ళు బట్టలు మిషను ఇస్త్రీకి ఇచ్చేవాళ్ళు. రోడ్డు మీద పొయ్యిలు పెట్టిన చోట మెట్రో స్తంభాలు లేచాయి. అత్తమ్మ పోయింది, మా ఆయన పోయాడు. కరోనా వచ్చినప్పుడు వరండాలోకి బయటివాళ్ళను రానివ్వలేదు, ఆ గురువారం మొదటిసారి తప్పింది. బంద్‌కు తప్పనిది జబ్బుకు తప్పింది. తప్పాక మళ్ళీ మొదలుపెట్టడానికి నా భుజాలూ సాయం రాలేదు, ధైర్యమూ చాలలేదు. ఇప్పుడు అక్కడ చవకగా భోజనం పెట్టే బండ్లు ఉన్నాయట, నా పులగం లేక ఎవరూ పస్తు ఉండడం లేదు. అది వినడానికి బాగానే ఉంటుంది.

పిడికెడు మాత్రం మానలేదు. బడంగ్‌పేట్‌లో ఈ అపార్టుమెంటుకు వచ్చి నాలుగేళ్ళయింది, కుక్కరులో బియ్యం పోసే ముందు చెయ్యి దానంతటదే ఒక పిడికెడు తీస్తుంది. డబ్బా నిండితే కింద వాచ్‌మెన్ భార్యకు ఇస్తాను. మా కోడలు మొదట్లో అన్నం తక్కువైందని వెతుక్కునేది, ఇప్పుడు తనే పిడికెడు ఎక్కువ పోస్తుంది. మా అబ్బాయి నొక్కిన దానికీ, నా పిడికిలికీ ఆకలి దగ్గర తేడా ఉండదు. తేడా అంతా గుమ్మాల దగ్గరే. అడగడానికి వణికిపోయేదాన్ని, ఆ వణుకుతోనే ముప్పై గుమ్మాలు ఎక్కాను, ముప్పై ఇళ్ళ బియ్యం గింజ చూసి ఏ ఇంటిదో చెప్పగలిగేదాన్ని.

నిన్న డబ్బా నిండింది. దాన్ని పట్టుకుని మెట్ల దగ్గర కాసేపు నిలబడ్డాను. ఈ బిల్డింగులో ఇరవై ఇళ్ళున్నాయి, తలుపులన్నీ ఒకేలాగా ఉంటాయి. వాటిలో ఒక్క ఇంట్లో కూడా ఏ బియ్యం వండుకుంటారో నాకు తెలియదు.